చుట్కీకి న్యాయము

గత సంవత్సరము మా పాఠశాల వార్షికోత్సవమునకు ఏడవ తరగతి బాలబాలికలు ఒక చిన్న నాటిక నాడ నిశ్చయించుకొనిరి. కథ యేదని యడుగగా అందఱును ఏకకంఠముతో "ఛోటా భీమ్" అనిరి. నేను మనస్సునందు మఱియొక కథ నుంచుకొని యుంటిని గాని, వారి యుత్సాహము నెదుట అది నిలువలేదు. పాత్రలు పంచునప్పుడు భీముని వేషమునకు ఏడుగురును, కాలియా వేషమునకు నలుగురును, జగ్గు అను కోతి వేషమునకు అయిదుగురును (తోక యున్నదను నాశచేత గాబోలు) చేతులెత్తిరి. చుట్కీ వేషమునకు చేయెత్తినవారు ఒక్కరును లేరు. శామీర్‌పేట చెరువు ప్రక్క పల్లెనుండి బస్సులో మేడ్చలునకు వచ్చెడి ఒక బాలిక స్పష్టముగ మాటాడగలదు గావున, నేనే ఆమెను ఎంచితిని. ఆమె లేచి నిలిచి, "నాకు వద్దు సార్. చుట్కీ ఏం చేస్తది? లడ్డూ ఇస్తది. అంతే గద!" అనెను.

తరగతి యంతయు నవ్వెను. నేనును నవ్వితిని. కాని యింటికి బోవుచుండగా ఆ మాట నన్ను విడువలేదు. ఈ వ్యాసమునకు అదియే హేతువు. బొమ్మల కథలను గూర్చి యిట్టి సంచికయందు వ్రాయుట తగునా యని సందేహించు పెద్దలు గలరని యెఱుగుదును. తమ పిల్లలు ప్రతిదినము సాయంకాలము ఏ కథను జూచుచున్నారో, అందు ఏ పాత్ర కొఱకు అన్నము మాని యేడ్చుచున్నారో వారు ఒక్క వారము గమనించిరేని యీ సందేహము వారికి కలుగదు.

ఛోటా భీమ్ పరాయివాడు కాడు. మన హైదరాబాదు నగరమున పుట్టినవాడు. 2001వ సంవత్సరమున రాజీవ్ చిలక యిచ్చట స్థాపించిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ అను సంస్థ వానిని సృష్టించెను. 2008లో పోగో అను బాలల టెలివిజను ప్రసారమునందు వాడు మొదట కానవచ్చెను. పిమ్మట చిత్రకథా పుస్తకములయందును, చలనచిత్రములయందును, తుదకు బడిపిల్లల సంచులమీదను, నీటి సీసాలమీదను వెలసెను. ఢోలక్‌పూర్ అను కల్పిత రాజ్యము వాని నివాసము. లడ్డూ తినినంతనే వాని బలము పెచ్చు పెరుగును. చిన్నవాడైన రాజు, మిఠాయిలు చేయు టున్‌టున్ కుమార్తె యగు చుట్కీ, జగ్గు అను కోతి వాని నేస్తములు. కాలియా వానికి ప్రతిస్పర్ధి. కాలియా వెంట ఢోలు, భోలు అను కవలలు తిరుగుచుందురు. రాజకుమారి పేరు ఇందుమతి. కథ యెంత దూరము పోయినను తుదకు భీముడు లడ్డూ తినును, శత్రువు ఓడిపోవును. ఆ లడ్డూ తఱచుగా చుట్కీ చేతినుండియే వచ్చును.

ఇక అసలు విషయమునకు వచ్చెదను. 2020 జూన్ నెలలో, కరోనా వ్యాధి కారణముగ బడులన్నియు మూతబడి జనులు ఇండ్లలో కూర్చున్న కాలమున, భీముడు చుట్కీని కాదని ఇందుమతిని వివాహమాడినాడను ఒక వదంతి దేశమంతట వ్యాపించెను. అంతట "చుట్కీకి న్యాయము కావలెను" అను నినాదము సామాజిక మాధ్యమములయందు మాఱుమ్రోగెను. ఇన్ని సంవత్సరములు లడ్డూలు పెట్టినది ఎవరు, పెండ్లి యాడినది ఎవరిని అని కొందఱు నిలదీసిరి. భీముడు ధనమునకు లొంగినాడని కొందఱు దూషించిరి. అందులో సగము పరిహాసమే యగుగాక. తక్కిన సగము పరిహాసము కాదు. చిన్ననాట ఆ కథలు చూచి పెరిగినవారు నిజముగనే నొచ్చుకొనిరి. తుదకు సంస్థవారు ఒక ప్రకటన చేయవలసి వచ్చెను. భీముడును, చుట్కీయు, ఇందుమతియు ఇంకను పిల్లలేయనియు, వివాహవార్త యసత్యమనియు, వారి పసిజీవితములలోనికి ప్రేమను పెండ్లిని తీసికొని రావలదనియు ఆ ప్రకటన సారాంశము.

ప్రకటన సమంజసమే. పసిపిల్లకు పెండ్లి యేమి? కాని ఆ కోలాహలమునందు నాకు విచారము కలిగించిన సంగతి వేఱొకటి యున్నది. చుట్కీ పక్షమున నిలిచినామని చెప్పుకొన్నవారు ఆమె కొఱకు ఏమి యడిగిరి? ఆమెకు ఒక సాహసకథ కావలెనని యడిగిరా? ఆమె యెన్నడైన ఢోలక్‌పూరును కాపాడవలెనని యడిగిరా? లేదు. ఆమె పెట్టిన లడ్డూలను లెక్కగట్టి, దానికి బదులుగ వరుని ఇప్పింపుడని యడిగిరి. కోమటి దుకాణమున పద్దు వ్రాసినట్లు వ్రాసి, ఇంత మిఠాయికి ఇంత మొగుడని తేల్చిరి. ఇది న్యాయమా? ఇందుమతితో పెండ్లి యైనదనుట చుట్కీకి అవమానమైనచో, చుట్కీతో పెండ్లి చేయుడనుట ఆమెకు గౌరవము ఎట్లగును? రెండు పక్షములవారును ఆమెను పెండ్లిపీటల చెంతనే నిలువబెట్టిరి. మా యేడవ తరగతి బాలిక ఒక్క వాక్యములో చెప్పిన దుఃఖము ఆ వేలకొలది జనులలో ఎందఱికి తోచెనో!

ఉపపాత్రల విషయమున లోకము ఇట్లే నిర్లక్ష్యముగ నుండును. అమెరికా దేశపు చిత్రకథలలో బ్యాట్‌మన్ అను వీరుడు గలడు. వానికి తోడుగ రాబిన్ అను బాలుడు 1940లో వచ్చెను. మొదటి రాబిన్ పెద్దవాడై తన దారిన పోయిన పిమ్మట, జేసన్ టాడ్ అను రెండవ బాలుని రచయితలు 1983లో కథలోనికి తెచ్చిరి. మొదట వీడును సర్కసు కుటుంబమువాడే. మొదటివానికి ప్రతిబింబము వంటివాడు. కొన్నియేండ్లకు వాని పూర్వచరిత్రను తుడిచివేసి, వీథులలో పెరిగి బ్యాట్‌మన్ కారు చక్రములనే దొంగిలింప జూచిన పెంకివానిగ మార్చిరి. పాఠకులలో ననేకులకు ఈ మార్పు రుచింపలేదు. అప్పుడు ప్రకాశకులు ఏమి చేసిరి? 1988లో రెండు టెలిఫోను నంబర్లు ప్రకటించి, బాలుడు బ్రదుకవలెనన్నవారు ఒకదానికిని, చావవలెనన్నవారు రెండవదానికిని పిలువుడనిరి. బ్రదుకునకు 5,271 పిలుపులును, చావునకు 5,343 పిలుపులును వచ్చెను. డెబ్బదిరెండు పిలుపుల తేడాతో ఆ పిల్లవాడు మరణించెను. (తరువాత 2005లో రచయితలే వానిని మరల బ్రదికించిరి, చిత్రకథలలో మరణము అంత నమ్మదగినది కాదు.) తాము చెడగొట్టిన పాత్రకు తామే మరమ్మతు చేయక, ఆ పని ఘాతకమును పిల్లల చేతిలో బెట్టుట నాకు మిక్కిలి హేయముగ తోచుచున్నది. పైగా ఒక్క సంగతి గమనింపుడు. నాయకుని ప్రాణమును ఎవ్వరును వోటునకు పెట్టరు. ఎల్లప్పుడును ప్రక్కనున్నవాడే దొరకును.

అట్లని ఉపపాత్రలను మార్చనే కూడదని నా అభిప్రాయము కాదు. ఛోటా భీమ్ కథలలోని ఆ చిన్న రాజునే చూడుడు. 2011లో ఆ సంస్థవారే వానిని తీసికొని "మైటీ రాజు" అను వేఱొక వరుస కట్టిరి. అందు వాడు ఢోలక్‌పూరు వాడు కాడు. నేటి కాలపు నగరమున, శాస్త్రజ్ఞుడైన తండ్రికి పుట్టి, ఆయన ప్రయోగములలోని ద్రవ్యము మూలమున అసాధారణ బలము పొందిన బాలవీరుడు. ఊరు మాఱెను, కాలము మాఱెను, తల్లిదండ్రులు మాఱిరి. అయినను మా తరగతి పిల్లలలో దీనిని తప్పుపట్టినవానిని నేను చూడలేదు. కారణ మడుగగా ఒకడు, "రాజు ముందుగూడ భయపడడు సార్, ఇప్పుడుగూడ భయపడడు" అనెను. ఇంతకంటె మంచి విమర్శ నాకు చేతకాదు. భీముని నీడలో నిలిచియున్నప్పుడు ఆ బాలునియందు ఏ బీజము గలదో అదియే నూతన కథయందు మొలకెత్తినది.

మన తెలుగువారికి ఈ విద్య క్రొత్తది కాదు. ఘటోత్కచుడు భారతమున పాండవులకు వలసినప్పుడు వచ్చి తోడ్పడి, తుదకు కర్ణుని శక్తికి బలియైన రాక్షసవీరుడు. ఆ ఘటోత్కచునే 1957లో కె. వి. రెడ్డి "మాయాబజార్" చిత్రమున హాస్యప్రియునిగను, తమ్ముని పెండ్లికొఱకు పాటుపడు అన్నగను తీర్చెను. ఆ శశిరేఖ వ్యాసుని భారతమున లేనే లేదు. అయినను నేడు ఘటోత్కచుడనినచో తెలుగువాని కన్నులయెదుట ఎస్. వి. రంగారావు రూపము నిలుచును గాని, యుద్ధభూమిలో పడిన శవము నిలువదు. ఇంత మార్చినను ఎవరికిని కష్టము తోచలేదేల? తండ్రి వైపువారికి ఆపద వచ్చినచో పిలిచిన తోడనే వచ్చువాడు ఘటోత్కచుడు. భారతమునను అంతే, మాయాబజారునను అంతే.

దీనికి విపరీతమైన సంగతియు మన కన్నులయెదుటనే జరిగినది. 2023 జూన్‌లో వెలువడిన "ఆదిపురుష్" చిత్రమున హనుమంతుని నోట వీథిభాష పలికించిరి. ప్రేక్షకులు ఆగ్రహించిరి, కొలది దినములలోనే నిర్మాతలు ఆ మాటలను మార్చిరి. అప్పుడు కొందఱు చదువుకొన్నవారు, నేటి పిల్లలకు నేటి భాష కావలెను గదా, ఇంత కోపమేల యనిరి. నేను వారితో ఏకీభవింపను. కిష్కింధయందు హనుమంతుడు మొదటిసారి మాటాడినప్పుడు శ్రీరాముడు మెచ్చుకొన్నది అతని బలమును కాదు, అతని వాక్కును. వ్యాకరణము చక్కగ నేర్చినవాడని, ఒక్క అపశబ్దమైనను దొరలలేదని లక్ష్మణునితో చెప్పెను. వేషము మార్చుడు, కిరీటము మార్చుడు, కొండయంత పెంచుడు. ఆ పాత్రకు వాక్కే ప్రాణమైనప్పుడు వాక్కును తీసివేసినచో మిగులునది ఏమి? కోపపడినవారిలో వాల్మీకిని చదివినవారు ఎందఱో నేను చెప్పలేను. కాని చదువకున్నను వారికి ఎచ్చట నొప్పి కలుగవలెనో అచ్చటనే కలిగినది.

వీనియన్నిటికంటెను నాకు ప్రియమైనది మన యాడువారు చేసిన పని. రామాయణమున ఊర్మిళ యను ఉపపాత్ర గలదు. లక్ష్మణుడు అన్న వెంట అడవికి పోయెను. ఊర్మిళ పదునాలుగేండ్లు ఏమి చేసెనో మహాకవి వివరింపలేదు. తెలుగు స్త్రీలు దీనిని సహింపలేదు. వారు పత్రికలకు వ్రాయలేదు, నినాదములు చేయలేదు. దంపుచు, విసరుచు, ఊయల లూపుచు "ఊర్మిళాదేవి నిద్ర" అను పాట కట్టుకొనిరి. అందులో ఆమె పదునాలుగేండ్లు నిద్రించును. భర్త తిరిగి వచ్చి లేపగా, ఎవడో పరపురుషుడనుకొని ఆమె వానిని నిలదీయును. చూడుడు! కావ్యమున మాటయే లేని ఇల్లాలికి ఈ తల్లులు మొట్టమొదట ఇచ్చినది నగ కాదు, కోక కాదు, నోరు. చుట్కీకి న్యాయమడిగిన యువకులు తమ యింటనున్న ముదుసలి అమ్మమ్మను అడిగియుండినచో, న్యాయమెట్లు చేయవలెనో ఆమె చెప్పియుండును.

ఇక మా నాటికకు వచ్చెదను. వేషము వద్దన్న బాలికతో నేను, "అమ్మా, ఇచ్చినది వద్దనుట సులభము. చుట్కీ యేమి చేయవలెనో నీవే వ్రాసి తెమ్ము" అంటిని. నాలుగు దినముల పిమ్మట ఆమె వ్రాతపుస్తకమున ఆఱు పుటలు వ్రాసి తెచ్చెను. శత్రువు లేడు, రాక్షసుడు లేడు; ఢోలక్‌పూరు చెరువుకట్టకు గండిపడుచున్నది. చెరువు క్రింద పుట్టిన పిల్ల గదా! 2020 అక్టోబరున కురిసిన కుంభవృష్టికి హైదరాబాదు చుట్టునున్న చెరువులలో కొన్నిటి కట్టలు తెగినప్పుడు, రాత్రులందు తమ కట్టమీద దీపములు పట్టుకొని కావలి కాచిన పెద్దల మాటలు ఆమె వినియున్నది. తల్లి దుకాణమున చక్కెర బస్తాల లెక్క చూచుటకు అలవాటుపడిన చుట్కీ, ఎన్ని ఇసుక బస్తాలు కావలెనో గుణించి, కాలియాను ఒక వైపునకును కవలలను మఱియొక వైపునకును పంపి, తూము తెఱపించి, ఊరిని కాపాడును. భీముడు ఆమె చెప్పినట్లు బస్తాలు మోయును. లడ్డూ ప్రసక్తి యెచ్చటను లేదు. అది ఆమె కసితో తీసివేసినదని నాకు తెలియును. తెలిసియు నేను దిద్దలేదు.

ఉత్సవమునకు మూడు దినములు ముందుగ చిన్న తరగతుల వారి యెదుట దానిని ఆడించితిమి. సగము వఱకు అంతయు చక్కగ జరిగెను. భీముడు పెద్ద బస్తా నెత్తబోవగానే, క్రింద కూర్చున్న రెండవ తరగతి బాలుడొకడు లేచి, "లడ్డూ ఏదీ?" అని కేకవేసెను. ఆ వెంటనే వాని చుట్టునున్నవారందఱును "లడ్డూ! లడ్డూ!" అని యరచుట మొదలిడిరి. ఒక పాప "ఆమె చుట్కీ గాదు" అని యేడ్చెను. వేషము వేసిన బాలిక రంగముమీదనే తల వంచుకొని నిలిచెను. మిగిలిన నాటికను ఎట్లో ముగించితిమి. ఉపాధ్యాయుల గదిలో ఒకరు, "పిల్లలకు తెలిసిన కథను చెడగొట్టితిరి" అనిరి. కొందఱు తల్లిదండ్రులకును ఆ సంగతి చేరి, పాత కథనే ఆడింపుడని కబురు పంపిరి.

ఆ రాత్రి నేను చాల ఆలోచించితిని. పెద్దల మాటను త్రోసివేయుట కష్టము కాలేదు. ఆ చిన్నవాని మాటను త్రోసివేయుటకు నా చేత కాలేదు. వాడు చుట్కీ నాయకురాలగుటను కాదనలేదు. బస్తాల లెక్కను కాదనలేదు. తాను నమ్మిన లోకమున లడ్డూ లేక బలము రాదు, మఱి భీముడు బస్తా నెట్లెత్తెను అని యడిగెను. ఇది మూర్ఖపు పట్టుదల కాదు. ఆ కథాలోకపు ధర్మమును వాడు మాకంటె బాగుగ నెఱుగును. మేము చుట్కీకి పని యిచ్చునప్పుడు ఆమె చేతినున్న పళ్లెమును అవమానమని యెంచి పాఱవైచితిమి. అది అవమానమెట్లయినది? అడిగిన తోడనే ఇచ్చుట తప్ప ఆమెకు వేఱు స్వతంత్రత లేకపోవుటచేత గాని, లడ్డూ వలన గాదు గదా.

మఱునాడు ఆ బాలికతో ఈ మాటయే చెప్పితిని. ఆమె కొంతసేపు ముఖము ముడుచుకొని కూర్చుండి, పిమ్మట కలము తీసికొని పది పంక్తులు క్రొత్తగ వ్రాసెను.

ఉత్సవమునాటి రాత్రి నాటిక ఇట్లు నడచెను. కట్ట వదులగుచున్నది. చుట్కీ కొంగున ఒక్కటే లడ్డూ మిగిలియున్నది. భీముడు చేయి చాపి యడుగును. చుట్కీ యివ్వదు. బస్తాలు ఇంకను నిండలేదు; ఇప్పుడు తినినచో ఆ బలము బస్తాలు వచ్చులోపలనే తఱిగిపోవును; నలుబది బస్తాలు కట్టకు చేరిన పిమ్మట ఇచ్చెదనని చెప్పి, కాలియాను, కవలలను తొందరపెట్టుచు వరుసగ లెక్కించుట మొదలిడును. భీముడు రెండవసారి అడుగును. మూడవసారి బ్రతిమాలును. తల్లిదండ్రులు నవ్వుచుండిరి. ముప్పదియెనిమిది వఱకు వచ్చునప్పటికి రంగము వెనుక డప్పు మ్రోగెను, నీటి చప్పుడు హెచ్చెను. చుట్కీ చేయి కొంగువైపు పోయెను.

మొదటి వరుసయందు కూర్చున్న ఆ రెండవ తరగతి బాలుడు బెంచీమీదకు ఎక్కి నిలిచి, "ఇప్పుడే ఇయ్యకు! ఇంకా రెండున్నయి!" అని గొంతు చించుకొని యరచెను.